శ్రీనివాసరావులో అక్షరాలెన్ని?

శ్రీనివాసరావు అన్న పేరులో అక్షరాలెన్ని? ఒకటో తరగతి పిల్లాడు కూడా వేళ్ల మీద లెక్కపెట్టి 6 అంటాడు. శ్రీ, ని, వా, స, రా, వు. అదే పేరు జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాషకు ఇచ్చి పొడవెంత అని అడిగితే 13 అంటుంది. ‘శ’ ఒకటి, ఒత్తును తెచ్చే పొల్లు ఒకటి, ‘ర’ ఒకటి, గుడిదీర్ఘం ఒకటి. ఒక్క ‘శ్రీ’తోనే 4 అయిపోయాయి. పేరు గడిలో 10కి మించకూడదని హద్దు పెట్టిన యాప్‌లో ఈయన ‘శ్రీనివాసర’ దగ్గరే ఆగిపోతాడు.

చేతిలోని ఫోన్‌లో, ఆఫీసు కంప్యూటర్‌లో రోజూ వాడే సైట్లలో, యాప్‌లలో ఎన్నో ఈ భాష మీదే నడుస్తున్నాయి. దాని పుట్టుక మాత్రం చాలా తొందరలో జరిగింది. 1995 మే నెలలో అమెరికాలోని నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ 10 రోజుల్లో తొలి రూపం తయారుచేశారు. మొదట మోచా అన్నారు, తర్వాత లైవ్‌స్క్రిప్ట్ అన్నారు, డిసెంబరు నాటికి జావాస్క్రిప్ట్ అయింది. ఫారంలో ఏదైనా గడి ఖాళీగా వదిలేస్తే హెచ్చరించడం లాంటి చిన్న పనులే అప్పట్లో దానికి అప్పజెప్పేవారు. 1997లో ఎక్మా అనే ప్రమాణాల సంస్థ దానికి ప్రమాణం రాసింది. ఇప్పటి ప్రమాణం ప్రకారం రాత అంటే 16 బిట్ల ముక్కల వరుస. ప్రపంచ భాషల రాతకు అంకెలు కేటాయించే యూనికోడ్‌లో తెలుగు హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు దేనికదే ఒక ముక్క. శ్రీనివాసరావు 13 కావడానికి కారణం అదే.

2008లో గూగుల్ క్రోమ్ బ్రౌజర్‌తో పాటు, జావాస్క్రిప్ట్‌ను నడిపే వి8 అనే ఇంజిన్ వచ్చి ఈ భాషకు వేగం తెచ్చింది. మరుసటి ఏడాదే రయన్ డాల్ ఆ ఇంజిన్‌ను బ్రౌజర్ లోంచి బయటికి తీసి సర్వర్ మీద కూర్చోబెట్టారు. అదే నోడ్ జేఎస్. 2015లో ఫేస్‌బుక్ ఇచ్చిన రియాక్ట్ నేటివ్ అనే పనిముట్టుతో ఐఫోన్, ఆండ్రాయిడ్ యాప్‌లు కూడా ఇదే భాషలో రాయడం సులువైంది. తెర మీద కనిపించేదానికి ఒక భాష, వెనకున్న సర్వర్‌కు ఇంకొకటి, రెండు రకాల ఫోన్లకు మరో రెండు నేర్చుకోవాల్సిన చోట ఒక్కటి పట్టుబడితే పని మొదలుపెట్టొచ్చు. హైదరాబాద్ అమీర్‌పేటలోని కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద కనిపించే ‘ఫుల్ స్టాక్’ అంటే ముందు భాగం, వెనక భాగం రెండూ రాయగలగడమే.

ఊరి పాల కేంద్రానికి ఇద్దరు కుర్రాళ్లు యాప్ చేస్తున్నారనుకుందాం. తెల్లవారుజామున రైతు పాలు పోస్తాడు. కేంద్రం నడిపే మనిషి లీటర్లు, వెన్న శాతం కొట్టి ‘నమోదు’ బటన్ నొక్కుతాడు. ఫోన్‌లోని జావాస్క్రిప్ట్ ఆ వివరాలను చిన్న చీటీలా కట్టి నెట్ మీదుగా పంపుతుంది. దాన్ని అందుకునే సర్వర్ కంప్యూటర్ ఆ కుర్రాళ్లది కాదు. అమెజాన్, గూగుల్, మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీలు పెద్దపెద్ద భవనాల్లో వరుసలుగా కంప్యూటర్లు పెట్టి, కరెంటు, ఏసీ, కాపలా అన్నీ తామే చూసుకుంటూ అద్దెకిస్తాయి. క్లౌడ్ అంటే అదే. అమెజాన్ ఈ అద్దె సేవలను 2006లో మొదలుపెట్టింది. 2022 నవంబరులో హైదరాబాద్‌లోనూ అలాంటి కేంద్రాలు తెరిచింది.

పాల కేంద్రం పని పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. దానికోసం కంప్యూటర్‌ను 24 గంటలూ అద్దెకు తీసుకోవడం దండగ. 2014లో అమెజాన్ తెచ్చిన లాంబ్డా అనే సేవ ఇక్కడే అక్కరకొస్తుంది. చీటీ వచ్చినప్పుడే కోడ్ మేలుకుంటుంది, డబ్బులు లెక్కగట్టి మళ్లీ నిద్రపోతుంది. బిల్లు మిల్లీసెకన్ల లెక్కన పడుతుంది. చేతిలో పెద్దగా పెట్టుబడి లేనివాళ్లకు ఇంతకంటే మేలైన ఏర్పాటు లేదు.

అసలు కష్టం సిగ్నల్ దగ్గర వస్తుంది. బటన్ నొక్కిన క్షణంలో నెట్ పోతే పాలు పోసిన రైతు నిలబడి ఎదురుచూడలేడు. అందుకని చీటీని ముందు ఫోన్‌లోనే దాచి, సిగ్నల్ వచ్చాక పంపేలా రాయాలి. అక్కడ ఇంకో చిక్కుంది. చీటీ సర్వర్‌కు చేరి, ‘అందింది’ అన్న జవాబు మాత్రం దారిలో తప్పిపోతే, ఫోన్ మళ్లీ పంపుతుంది. ఒకే పాలకు రెండుసార్లు డబ్బు లెక్క పడుతుంది. దీనికి మందు ప్రతి చీటీకి పుట్టినప్పుడే ఒక ప్రత్యేక నంబరు ఇవ్వడం. ఆ నంబరు సర్వర్‌లో ఇంతకుముందే ఉంటే రెండోసారి రాసుకోదు.

లీటరు ధర కూడా ఫోన్ నుంచి రాకూడదు. ఫోన్‌కో బ్రౌజర్‌కో వెళ్లిన జావాస్క్రిప్ట్‌ను తెలిసినవాళ్లు తెరిచి చదవగలరు, మార్చగలరు. ధర సర్వరే చూసుకోవాలి. డేటాబేస్ తాళంచెవి ఆ కోడ్‌లో వదిలేయడమంటే ఇంటి తాళంచెవి గుమ్మానికే తగిలించి ఊరెళ్లడం.

ఇవన్నీ సరిగ్గా చేసినవాళ్లు కూడా తెలుగు దగ్గర తడబడతారు. ఫొటో లేని ఖాతాకు గుండ్రని బిళ్లలో పేరులోని మొదటి అక్షరం చూపించడం మామూలే. మొదటి ముక్కను కోసి తెస్తే శ్రీనివాసరావు బిళ్లలో ‘శ’, కృష్ణ బిళ్లలో ‘క’ పడతాయి. పేరు పిలవడం రానివాళ్లు రాసినట్టు ఉంటుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ను పోలిన ఒక తెలుగు అక్షరం సందేశంలో వస్తే ఐఫోన్ యాప్‌లు కూలిపోయాయి. ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిదిద్దింది.

ఇప్పుడు జావాస్క్రిప్ట్‌లో ఇంటల్ సెగ్మెంటర్ అనే పనిముట్టు ఉంది. రాతను ముక్కలుగా కాక, చదివే మనిషి కంటికి కనిపించే అక్షరాలుగా విడదీస్తుంది. యూనికోడ్ 2023లో తన 15.1 కూర్పులో తెలుగు ఒత్తులను హల్లుతో కలిపే లెక్కించాలన్న నియమం చేర్చింది. ఆ నియమం పాటించే బ్రౌజర్‌లో శ్రీనివాసరావు 6 అక్షరాలే. దీనికి రాయాల్సింది రెండు మూడు వరుసల కోడ్. అది రాయకపోవడానికి సాకు లేదు.

రైతుకు వెళ్లే ఎస్సెమ్మెస్‌కు మాత్రం పాత లెక్కే. ఇంగ్లిష్‌లో ఒక సందేశానికి 160 పడితే, తెలుగులో సాధారణంగా 70 ముక్కలే. మించితే రెండు సందేశాల ఖర్చు. కాబట్టి వాక్యాన్ని కూర్చుని కొలవాలి. ‘శ్రీనివాసరావు గారు, పాలు 6 లీటర్లు, వెన్న 7 శాతం, రూ.336’ అని రాస్తే 56. చుక్క పెట్టి, ఖాళీ వదిలి, ‘ధన్యవాదాలు’ చేర్చినా 68.