కాట్రిడ్జిలో ఉన్నదెంత, పేజీకి పడేదెంత

గల్ఫ్ దేశాలకు వలస వెళ్లేవారి పాస్‌పోర్టు, వీసా ప్రతులు, బీడీ కార్మికుల భవిష్యనిధి, పింఛను పత్రాలు, పట్టాదారు పాసుపుస్తకాల నకళ్లు, పరీక్షల హాల్‌టికెట్లు ఇలా ఏదో ఒక కాగితం నిత్యం అవసరపడే నిజామాబాద్ జిల్లాలోని భీమ్‌గల్ వంటి పట్టణంలో ప్రింటరు ఇప్పుడు జిరాక్స్ దుకాణాలకూ, మీసేవా కేంద్రాలకూ మాత్రమే పరిమితమైన యంత్రం కాదు. చదువుకునే పిల్లలున్న ఇళ్లలోకీ అది వచ్చేసింది. తక్కువ ధరకే వస్తున్నదని ఇంక్‌జెట్ ప్రింటరు కొన్న కుటుంబం రెండు మూడు నెలలకు కాట్రిడ్జి కొనవలసివచ్చినప్పుడు, దాని ధర యంత్రం ధరలో అయిదో వంతో, నాలుగో వంతో ఉన్నదని తెలిసి విస్తుపోతుంది. పిడికిట్లో ఇమిడిపోయే ఆ ప్లాస్టిక్ డబ్బీలో ఏమున్నది, ఉన్నదానికి ఆ ధర న్యాయమేనా అన్న ప్రశ్నకు జవాబు కావాలంటే ముందుగా డబ్బీని విప్పి చూడవలసి ఉంటుంది.

ఇళ్లలో వాడే చిన్న ప్రింటర్ల కాట్రిడ్జి మూత తీస్తే పారే సిరా కనిపించదు. సిరాను పీల్చుకుని తడిగా ఉన్న స్పాంజి కనిపిస్తుంది. రంగుల కాట్రిడ్జిలో మూడు అరలు ఉండి, ఒక్కొక్క అరలో ఒక్కొక్క స్పాంజి నీలి, గులాబి, పసుపు సిరాలను పట్టి ఉంచుతుంది. స్పాంజి అక్కడ ఉండడానికి కారణం ఉన్నది. కాట్రిడ్జి అడుగున సిరా బయటికి వచ్చే రంధ్రాలు ఎప్పుడూ తెరుచుకునే ఉంటాయి కాబట్టి, లోపలి పీడనం బయటి గాలి పీడనం కంటె కొద్దిగా తక్కువగా ఉంటే తప్ప సిరా తనంతట తాను కారిపోకుండా నిలవదు; సన్నని సందుల్లో ద్రవాన్ని పట్టి నిలిపే కేశనాళిక బలం ద్వారా స్పాంజి ఆ లోటు పీడనాన్ని కల్పిస్తుంది. సిరా ఖర్చవుతున్నకొద్దీ ఆ మేరకు లోపలికి గాలి రావాలి గనుక, చాలా కాట్రిడ్జిల మూతపై అంటించిన స్టిక్కరు కింద వంకరటింకరగా సాగే ఒక సన్నని గాడి ఉంటుంది. గాలి అందులోంచి మెల్లగా చేరుతుంది, నీటి ఆవిరి మాత్రం త్వరగా తప్పించుకోలేదు. సిరా నింపిన తరువాత ఆ గాడిని టేపుతో గట్టిగా మూసివేస్తే నాలుగు పేజీలకే అచ్చు చెదిరిపోవడానికి కారణం ఇదే.

స్పాంజి కింద సన్నని లోహపు జల్లెడ, దాని కింద సిలికాన్ ముక్క, ఆ ముక్కకు అంటుకుని రంధ్రాల పలక ఉంటాయి. ప్రింట్ హెడ్ అని వ్యవహరించేది ఈ సిలికాన్ ముక్కనూ, పలకనూ కలిపే. ఒక్కొక్క రంధ్రం వ్యాసం సుమారుగా మిల్లీమీటరులో యాభయ్యో వంతు. రంధ్రానికి వెనుక, సిరా నిండి ఉండే చిన్న గదిలో, విద్యుత్తు ప్రవహిస్తే వేడెక్కే నిరోధకం ఒకటి అమరి ఉంటుంది. సెకనులో పది లక్షలవ వంతును మైక్రోసెకను అంటారు. అలాంటి రెండు మూడు మైక్రోసెకన్ల పాటు విద్యుత్తు అందగానే నిరోధకం పైభాగం 300 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. దాన్ని ఆనుకుని ఉన్న, మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటె కూడా పలుచనైన సిరా పొర మాత్రమే ఒక్కసారిగా ఆవిరై బుడగగా ఉబ్బి, తన ముందున్న సిరాను బిందువుగా రంధ్రం గుండా బయటికి నెట్టివేస్తుంది. వేడి ఆగగానే బుడగ కూలిపోతుంది, ఖాళీ అయిన చోటికి కొత్త సిరా చేరుతుంది, ఈ తంతు సెకనుకు వేలసార్లు సాగుతుంది. కూలే బుడగ ప్రతిసారీ నిరోధకాన్ని దెబ్బతీస్తుంది కాబట్టి దానిపై టాంటలం అనే గట్టి లోహపు పూత వేస్తారు. రంగుల బిందువు పరిమాణం కొద్ది పికోలీటర్లు మాత్రమే; పికోలీటరు అంటే మిల్లీలీటరులో వంద కోట్లవ వంతు. బిందువు 4 పికోలీటర్లయితే ఒక్క మిల్లీలీటరు సిరా 25 కోట్ల బిందువులవుతుంది.

ఈ ఉష్ణపద్ధతిని 1970ల చివరి సంవత్సరాలలో జపాన్‌లో కేనన్ సంస్థ, అమెరికాలో హ్యూలెట్ ప్యాకర్డ్ (హెచ్‌పీ) సంస్థ వేరువేరుగా కనుగొన్నాయి. 1984లో హెచ్‌పీ విడుదల చేసిన థింక్‌జెట్ ప్రింటరు ఒక ముఖ్యమైన మార్పు తెచ్చింది: హెడ్‌ను యంత్రంలో శాశ్వతంగా బిగించకుండా సిరా డబ్బీకే అతికించి, సిరాతోపాటు హెడ్ కూడా పారవేసే విధంగా దాన్ని రూపొందించారు. హెడ్ మూసుకుపోతే యంత్రం పాడైనట్లే అన్న అప్పటి ఇబ్బంది దీనితో తీరింది. సిరా అయిపోయిన ప్రతిసారీ బాగా పనిచేస్తున్న సూక్ష్మ పరికరాన్ని చెత్తలో వేసే అలవాటు కూడా దీనితోనే మొదలయింది. ఎప్సన్ సంస్థ మరో దారి పట్టింది. విద్యుత్తు సోకగానే వంగే పీజో స్ఫటికాల కదలికతో, వేడి లేకుండానే, సిరాను నెట్టే హెడ్‌ను అది యంత్రంలోనే ఉంచింది. అందువల్ల ఆ పద్ధతిలో కాట్రిడ్జి అంటే సిరా, దానికి తోడు ఒక చిప్ మాత్రమే.

ఇక సిరా సంగతి. అందులో అధికభాగం, సాధారణంగా మూడింట రెండు వంతులకు పైగా, శుద్ధిచేసిన నీరే. రంగునిచ్చే పదార్థం నూటికి కొద్ది పాళ్లకు మించదు. మిగిలినది రంధ్రం దగ్గర సిరా ఎండిపోకుండా తేమను పట్టి ఉంచే గ్లిజరిన్, డైఇథిలీన్ గ్లైకాల్ వంటి ద్రావకాలు, బిందువు సక్రమంగా విడిపోవడానికీ, కాగితంలోకి ఇంకడానికీ తలతన్యతను తగ్గించే పదార్థాలు, బూజు పట్టనివ్వని రసాయనాలు, ఆమ్ల క్షార స్థితిని నిలకడగా ఉంచే లవణాలు. ఈ జాబితాలోని గ్లైకాల్ బోధన్ ప్రాంతానికి పూర్తిగా పరాయిది కాదు. చెరకు రసం నుంచి చక్కెర తీయగా మిగిలే మొలాసిస్‌ను పులియబెడితే ఇథనాల్ వస్తుంది. ఇథనాల్ నుంచి ఇథిలీన్, దాని నుంచి ఇథిలీన్ ఆక్సైడు, దాని నుంచి గ్లైకాల్‌లు తయారవుతాయి. ప్రపంచంలో ఎక్కువ గ్లైకాల్ పెట్రోలియం నుంచే వస్తున్నా, మొలాసిస్ మార్గాన్ని భారతదేశంలో పారిశ్రామిక స్థాయిలో అనుసరిస్తున్నారు. 1930లలో నెలకొని, 2015 డిసెంబరులో మూతపడిన బోధన్‌లోని శక్కర్‌నగర్ నిజాం చక్కెర కర్మాగారం వంటి చోట్ల చక్కెరతోపాటు ఉత్పత్తయ్యే మొలాసిస్ ఎన్ని పరిశ్రమలకు ముడిసరుకు కాగలదో ఈ చిన్న ఉదాహరణ తెలుపుతుంది.

రంగునిచ్చే పదార్థాలు రెండు రకాలు. నీటిలో పూర్తిగా కరిగిపోయేది డై. కరగకుండా, మిల్లీమీటరులో పదివేలవ వంతు పరిమాణంలో ఉండే రేణువులుగా నీటిలో తేలియాడేది పిగ్మెంటు. నల్లని పిగ్మెంటు అంటే మెత్తటి కార్బన్ మసే. రంగు అణువుకు వెలుతురు, క్షారం ఎంత చేటు చేయగలవో పసుపు పండించే ఈ ప్రాంత రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. పసుపులోని కర్క్యుమిన్ అనే రంగు సున్నం తగిలితే ఎరుపెక్కుతుంది, పసుపు బట్ట ఎండకు వెలిసిపోతుంది. సిరా తయారీలో రసాయనశాస్త్రజ్ఞులు చేసే పనిలో పెద్దభాగం అలా మారిపోని అణువులను వెతకడమే. పసుపు సిరాకు ఎక్కువగా వాడే ఆజో వర్ణకాలు, నీలి సిరాకు వాడే రాగితో కూడిన థాలోసయనిన్ అలా ఎన్నికైనవే. అయినా డై సిరాతో అచ్చయిన కాగితం వానకు తడిస్తే అక్షరాలు అలుక్కుపోతాయి, పిగ్మెంటుతో అచ్చయినవి చాలావరకు నిలుస్తాయి. కొన్ని ప్రింటర్లలో నలుపు మాత్రమే పిగ్మెంటు, కొన్నింటిలో నాలుగూ డైలే. సిరా సీసా పైనో, కాట్రిడ్జి పెట్టె పైనో ఆ సంగతి రాసి ఉంటుంది. పాసుపుస్తకం నకలో, బ్యాంకు పత్రమో ఏళ్లతరబడి దాచుకోవలసినవారు ధర కంటె ముందు చూడవలసినది ఇదే.

ఇంత చెప్పుకున్నాక కూడా, కాట్రిడ్జి ధరను సిరాలోని పదార్థాల వెల సమర్థించలేదు. కొనుగోలుదారు చెల్లించేది పారవేయబోయే హెడ్‌కూ, దాని వెనుక ఉన్న పరిశోధనకూ, అన్నింటికీ మించి ప్రింటరును తక్కువ లాభానికి అమ్మి ఆ లోటును సిరా మీద రాబట్టుకునే వ్యాపార పద్ధతికీ. అందువల్ల కాట్రిడ్జి ధరను కాదు, పేజీ ధరను లెక్కవేయాలి. కాట్రిడ్జి ఎన్ని పేజీలిస్తుందో కొలవడానికి ఐఎస్‌ఓ 24711 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉన్నది. నిర్ణీత నమూనా పేజీలను వరుసగా అచ్చువేస్తూ పోయి ఆ సంఖ్యను తేలుస్తారు. మన దుకాణాల్లో విరివిగా దొరికే హెచ్‌పీ 680 రకానికి ప్రకటించిన సంఖ్యలు నలుపుకు 480 పేజీలు, రంగులకు 150 పేజీలు. కాట్రిడ్జికి బదులు యంత్రంలోని ట్యాంకులో సిరా పోసుకునే ట్యాంకు ప్రింటర్లకు వచ్చే ఎప్సన్ 003 రకం 65 మిల్లీలీటర్ల సీసాలకు ప్రకటించినవి నలుపుకు 4,500, మూడు రంగులకు కలిపి 7,500. ధరలు ఊరినిబట్టి, కాలాన్నిబట్టి మారతాయి గనుక, లెక్క సౌలభ్యానికి కాట్రిడ్జి ఒక్కొక్కటి 900 రూపాయలు, సీసా ఒక్కొక్కటి 400 రూపాయలు అనుకుంటే, రంగుల పేజీకి, దానిపై పడే నలుపు సిరాతో కలిపి, కాట్రిడ్జిలో దాదాపు 7 రూపాయల 90 పైసలు, సీసా సిరాతో దాదాపు 25 పైసలు పడతాయి. నలుపు పేజీకైతే కాట్రిడ్జిలో 1 రూపాయి 90 పైసలకు కొద్దిగా తక్కువ, సీసాతో 9 పైసలు. ట్యాంకు ప్రింటరుకు అదనంగా 7,500 రూపాయలు పెట్టవలసివచ్చిందనుకుంటే, రంగుల పేజీలు ఎక్కువగా తీసే దుకాణానికి ఆ సొమ్ము వెయ్యి పేజీలలోనే తిరిగి వస్తుంది. నలుపు పేజీలే తీసే ఇంటికి సుమారు 4,200 పేజీలు కావాలి. నెలకు పది పేజీలు తీసే ఇంటికి అది 35 ఏళ్ల లెక్క. అటువంటి ఇంటికి ఏ ఇంక్‌జెట్ ప్రింటరూ గిట్టుబాటు కాదు. జిరాక్స్ దుకాణంలో పేజీకి 5 రూపాయలిచ్చినా నెలకు అయ్యేది 50 రూపాయలే.

పైగా ప్రమాణ సంఖ్యలు వరుసగా అచ్చువేసినప్పటివి. ఇంట్లో వారానికో, నెలకో ఒకసారి ప్రింటరును వాడినప్పుడు, అది రంధ్రాలలో ఎండిన సిరాను వదిలించడానికి ప్రతిసారీ కొంత సిరాను బయటికి వదిలివేస్తుంది. ఆ సిరా యంత్రం అడుగున ఉన్న స్పాంజి మెత్తలో ఇంకిపోతుంది. ఆ మెత్త నిండిందని లెక్క తేలినప్పుడు కొన్ని ప్రింటర్లు పని మానేస్తాయి కూడా. వేసవిలో ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటే నిజామాబాద్ జిల్లాలో రంధ్రాలు త్వరగా ఎండుతాయి కాబట్టి ఈ నష్టం మరింత ఎక్కువ. రంగుల కాట్రిడ్జిలో మూడు రంగులలో ఒక్కటి అయిపోయినా మిగిలిన రెండింటినీ వదులుకోవలసినదే. ఈ నష్టాలన్నీ తక్కువగా వాడేవారి మీదే ఎక్కువగా పడతాయి. తక్కువ ధర చూసి యంత్రం కొన్న కుటుంబమే పేజీకి అందరికంటె ఎక్కువ చెల్లిస్తున్నది. ఇది అన్యాయమైన ఏర్పాటు.

దుకాణాలవారు సిరంజితో సిరా నింపడం నేర్చుకున్నది ఈ భారం నుంచి తప్పించుకోవడానికే. హెడ్ ఉన్న కాట్రిడ్జిని కొన్నిసార్లు నింపి వాడుకోవడం సాధ్యమే, కాని పూర్తిగా ఎండేదాకా ఆగకూడదు: నిరోధకం నుంచి వేడిని తీసుకుపోయేది సిరాయే గనుక, సిరా లేకుండా నడిచిన హెడ్ కాలిపోతుంది. ఆ కాట్రిడ్జికి సరిపడని చవక సిరా మాడి నిరోధకం మీద పొరకడుతుంది. అయితే రసాయనశాస్త్రం కంటె పెద్ద అడ్డంకి చిప్. ఇతరుల కాట్రిడ్జిలను చిప్ ఆధారంగా నిరాకరించేలా ప్రింటర్లలోని సాఫ్ట్‌వేరును మార్చడం, ఆ సంగతి కొనుగోలుదారులకు సరిగా తెలపకపోవడం మీద ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2020 డిసెంబరులో హెచ్‌పీకి కోటి యూరోల జరిమానా విధించింది. లేజర్ ప్రింటర్లలో వాడిన టోనర్ కాట్రిడ్జిలను నింపి తిరిగి అమ్మడం పేటెంటు ఉల్లంఘన అంటూ లెక్స్‌మార్క్ సంస్థ నడిపిన వ్యాజ్యంలో, వస్తువును ఒకసారి అమ్మిన తరువాత దానిపై పేటెంటు హక్కు ముగిసినట్లేనని అమెరికా సుప్రీంకోర్టు 2017 మేలో తీర్పు చెప్పింది.

తయారీదారులు చివరికి ట్యాంకు ప్రింటర్లకు దారి ఇచ్చింది కూడా ఆసియా దేశాల దుకాణాలవారు ప్రింటర్ల పక్కన సీసాలు పెట్టి గొట్టాలు బిగించుకోవడం చూసిన తరువాతనే. ఎప్సన్ 2010లో ఇండోనేషియాలో మొదలుపెట్టిన ఆ పద్ధతిని తరువాత కేనన్, హెచ్‌పీ కూడా అనుసరించాయి. ఇక్కడ ఒక మెలిక ఉన్నది: ట్యాంకు ప్రింటరులో హెడ్ కాట్రిడ్జితోపాటు మారదు, కాబట్టి అది ఎండి మూసుకుపోతే మరమ్మతు ఖర్చు ఎక్కువ. రోజూ పని ఉన్న దుకాణానికి ఆ భయం లేదు. ఇంట్లో వాడేవారు వారానికి ఒకసారైనా నాలుగు రంగులూ పడే పేజీ ఒకటి తీయడం, స్విచ్ బోర్డు దగ్గర కాకుండా ప్రింటరు మీది మీటతోనే యంత్రాన్ని ఆపడం అవసరం. మీటతో ఆపినప్పుడే హెడ్ తన రబ్బరు మూత మీదికి చేరి గాలి తగలకుండా ఉంటుంది. నలుపు కాగితాలే, అవీ అప్పుడప్పుడే కావలసినవారికి లేజర్ ప్రింటరు మేలు. దాని టోనర్ ప్లాస్టిక్‌తో కలిసిన పొడి గనుక ఎండిపోయే ప్రశ్నే లేదు. హెచ్‌పీ 12ఏ రకం టోనర్ కాట్రిడ్జి 2,000 పేజీలు, 88ఏ రకం 1,500 పేజీలు ఇస్తాయని ప్రకటన, రెండింటినీ నింపడం నిజామాబాద్ దుకాణాలవారికి అలవాటైన పనే.

ఖాళీ అయిన కాట్రిడ్జి చెత్తబండిలో వేయవలసిన వస్తువు కాదు. అందులో ప్లాస్టిక్, సిలికాన్, పూతగా కొద్దిపాటి బంగారం, మిగులు సిరా ఉంటాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణ నియమాల జాబితాలో ప్రింటర్లతోపాటు కాట్రిడ్జిలను కూడా పేరుపెట్టి చేర్చారు, వాటి రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారులపై ఉంచారు. కొత్తది అమ్మే దుకాణమే పాతది తిరిగి తీసుకునే ఏర్పాటు భీమ్‌గల్ వంటి చిన్న పట్టణాల దాకా చేరితేనే ఆ నియమం అక్కడి వాడుకరులకు పనికివస్తుంది.