నొప్పి నుదుటికి - చికిత్స మెడకు

తలనొప్పి అనగానే తెలుగువారి చేయి అమృతాంజనం సీసా కోసం వెదుకుతుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో ఆ లేపనాన్ని ప్రారంభించారు. నాటి నుండి నేటి వరకు దానిని రాసేది నుదుటిపైనే. అయితే నొప్పి తెలిసే చోటు, నొప్పి పుట్టే చోటు ఎల్లప్పుడూ ఒకటి కావు.

తలనొప్పులలో అత్యధికంగా కనిపించేది టెన్షన్ తలనొప్పి. తల చుట్టూ గుడ్డను బిగించి కట్టినట్లు రెండు వైపులా అదిమినట్లుండటం దీని లక్షణం. పార్శ్వపు నొప్పి వలె ఇది మెట్లెక్కినంత మాత్రాన పెరగదు. అరగంటలో తగ్గవచ్చు, వారం దినాలు వేధించనూవచ్చు. మానసిక ఆందోళన, నిద్రలేమి దీనిని రెచ్చగొడతాయి. మెడ, భుజాల కండరాలు బిగుసుకొనిపోవడం కూడా చాలామందిలో కనిపిస్తుంది. మెడ పైభాగం నుండి వచ్చే నరాలు, ముఖం నుండి వచ్చే నరాలు వెన్నుపాము పైకొనలో ఒకే చోట కలుస్తాయి. అందువల్ల మెడలోని బాధను మెదడు నుదుటి బాధగా పొరబడుతుంది.

మనిషి తల బరువు సుమారు ఐదు కిలోలు. పరీక్షల కాలంలో గంటల తరబడి పుస్తకంపై వంగిన విద్యార్థికి ఆ భారమంతా మెడ వెనుక కండరాలపైనే పడుతుంది. అందుకే ఫిజియోథెరపీ నిపుణుడు మొదట అతడు కూర్చునే తీరును పరిశీలిస్తాడు. పిదప పుర్రె అడుగున గట్టిపడిన కండరాలను వేళ్లతో నిదానంగా అదిమి సడలిస్తాడు. వేడి కాపడం పెడతాడు. వీటివల్ల కలిగే హాయి త్వరగా వస్తుంది, త్వరగానే పోతుంది. నిలకడైన మేలు చేసేది వ్యాయామమే. నిటారుగా కూర్చొని, తల వంచకుండా గడ్డాన్ని వెనుకకు లాగి, ఐదు సెకన్లు నిలిపి వదలాలి. దీనిని పదిమార్లు చేయాలి. చూడటానికి హాస్యంగా ఉన్నా, మెడ లోపలి కండరాలను బలపరచేది ఇదే. ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది. క్షౌరశాలలో మెడను పటుక్కున విరిపించుకోవడం మాత్రం చికిత్స కాదు. దానివల్ల మెడలోని రక్తనాళం చిట్లే ప్రమాదముంది.

అన్ని వారాలు ఆగలేక మాత్రలనే ఆశ్రయించేవారు అనేకులు. నెలకు పదిహేను రోజులు, అంతకు మించి నొప్పి మాత్రలు మింగుతూ మూడు నెలలు గడిపితే, ఆ మాత్రలే కొత్త తలనొప్పికి కారణమవుతాయి. వాటిని మానిన తొలి దినాలలో నొప్పి హెచ్చి, క్రమంగా తగ్గుతుంది. ఆ మానడం కూడా వైద్యుని సలహాతోనే జరగాలి.

హఠాత్తుగా వచ్చిన భరింపరాని నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకొనిపోవడం, చూపు మసకబారడం, కాలుసేతులు చచ్చుబడటం, తలకు దెబ్బ తగిలిన తరువాతి నొప్పి - వీటిలో ఏది కనిపించినా వ్యాయామాలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.