తాళం పాడవకుండా పిక్కింగ్ ప్రాక్టీసు చేయడం ఎలా?

కిందటి ఎపిసోడ్‌లో పిన్ తాళం లోపల ఏముంటుందో విప్పి చూశాం. అది చూశాక ఎవరికైనా వచ్చే ప్రశ్న ఒకటుంది. "ఇంటి తలుపుకున్న తాళం మీదే ప్రాక్టీసు చేసుకోవచ్చా అండి?" అని. వద్దండి. మీ తాళమే, మీ ఇల్లే, అయినా వద్దు. ఎందుకో చెప్పడానికే ఈ ఎపిసోడ్. ఇంకొకళ్ళ తాళం సంగతైతే మాట్లాడుకోనే అక్కర్లేదు, దాని జోలికి పోకూడదంతే.

మన ఉత్తరాంధ్ర సంగతి తీసుకోండి. ఉద్దానం ఊళ్ళలో, ఇటు విజయనగరం జిల్లా పల్లెల్లో, పనుల కోసం విశాఖ, హైదరాబాద్, చెన్నై పోయిన కుటుంబాలు ఎన్నో. ఇంటికి తాళం కప్ప వేస్తే నెలల తరబడి అది అలాగే వేలాడుతుంది. ఒడ్డు దగ్గరి ఊరైతే ఉప్పుగాలి కూడా తోడు. సంక్రాంతికి రాత్రి బస్సు దిగి, పిల్లల్ని భుజాన వేసుకుని వచ్చిన మనిషికి ఆ చెవి తిరగాలి. తిరక్కపోతే గొళ్ళెం కోయించడమే. అలాంటి తాళాన్ని సరదాకి గోకి పెట్టామనుకోండి, "ఏటి బాబూ, తాళం పాడు సేసినావేటి?" అని అమ్మ అడగడంలో తప్పేముంది?

అసలు తాళం ఎలా పాడవుతుంది? మామూలు పిన్ తాళంలో పిన్‌లు, అవి కూర్చునే తిరుగుడు ముక్క, అంటే ప్లగ్, చాలావరకు ఇత్తడివి. మన చేతిలోని పిక్ ఉక్కుది. శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇత్తడి సామాను చేసేవాళ్ళ పని చూసినవాళ్ళకి తెలుస్తుంది, ఉక్కు ఉలి కింద ఇత్తడి ఎంత మెత్తగా లొంగుతుందో. తాళం లోపలా అదే జరుగుతుంది, కాకపోతే మన కంటికి కనబడదు. పిన్ కొన వెంట్రుక మందం అరిగినా దాని ఎత్తు మారిపోతుంది. అప్పుడు సొంత చెవి పెట్టినా ఒక్కోసారి తిరుగుతుంది, ఒక్కోసారి మొరాయిస్తుంది.

ఎక్కువ నష్టం చేసేది పిక్ కాదండోయ్, రెండో చేతిలో ఉండే టెన్షన్ రెంచ్. కొత్తవాళ్ళు దాన్ని గట్టిగా నొక్కుతారు. గట్టిగా నొక్కితే పిన్ ప్లగ్‌కీ బయటి గోడకీ మధ్య ఇరుక్కుంటుంది. అది లేవట్లేదని పిక్‌తో ఇంకా బలంగా ఎత్తుతారు. అంచు చెక్కుకుపోతుంది, రజను రాలుతుంది. పల్చటి రెంచ్ అయితే వంగిపోతుంది, పిక్ కొన విరిగి లోపలే ఉండిపోయినా ఆశ్చర్యం లేదు. నిజానికి కావలసిన బరువు చాలా తక్కువ. కాలింగ్ బెల్ నొక్కే బలం కూడా ఎక్కువే. సెల్‌ఫోన్ తెర మీద వేలు ఆనించినంత చాలు. పిన్ కదలకపోతే బలం పెంచకండి, రెంచ్ కాస్త వదిలి మళ్ళీ మొదలెట్టండి.

రేకింగ్, అంటే పిక్‌ని గబగబా లోపలికీ బయటికీ లాగడం, వీడియోల్లో చూడ్డానికి బావుంటుంది. తాళానికి మాత్రం అది ఆకురాయి పెట్టినట్టే. బంపింగ్ ఇంకా మొరటు పని. ఒక్కో దెబ్బా లోపల పిన్‌ల మీద సుత్తి దెబ్బే. నా మాట వింటే ప్రాక్టీసులో ఒక్కో పిన్నే ఎత్తండి. ఆలస్యమవుతుంది, కానీ నేర్చుకునేది అందులోనే.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. ఒకే తాళాన్ని వందసార్లు తెరిస్తే అది అరిగి సులువైపోతుంది. మన చెయ్యి తిరిగిందనుకుంటాం. తిరిగింది చెయ్యి కాదు, అరిగింది తాళం! అందుకే నాలుగైదు తాళాలు పెట్టుకుని మార్చి మార్చి వాడండి. పాత ఇనప సామాను కొట్టులో చెవితో సహా దొరికితే తీసుకోండి. చెవి ఉండడం ముఖ్యం. పది పదిహేను సార్లు తెరిచాక ఆ చెవి పెట్టి తిప్పి చూడాలి. గరగరలాడినా, బయటికి తీసిన చెవి మీద బంగారు రంగు పొడి మెరిసినా ఆ తాళానికి విశ్రాంతి ఇవ్వాలి. చెవి పెట్టే రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని తెల్ల కాగితం మీద తట్టండి, ఎంత రజను రాలిందో తెలుస్తుంది. అలా వాడిన తాళాన్ని మళ్ళీ తలుపుకి వేయకండి.

తాళం పాడవకుండా తెరవాలన్న పట్టింపు ఈనాటిది కాదు. 1851లో లండన్‌లో గ్రేట్ ఎగ్జిబిషన్ జరిగినప్పుడు ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్, ఎవరూ తెరవలేరని పేరున్న చబ్ డిటెక్టర్ తాళాన్ని సాక్షుల ముందు 25 నిమిషాల్లో తెరిచాడు. అందరికీ గుర్తుండేది ఆ 25 నిమిషాలే. నాకు నచ్చేది ఆ తరవాతది. 7 నిమిషాల్లో దాన్ని తిరిగి మూసి, తాళానికి ఏ దెబ్బా తగల్లేదని సాక్షులకి చూపించాడు. ఆ తరవాత బ్రామా తాళం మీద 51 గంటలు కూర్చున్నాడు, అదీ 16 రోజుల్లో. తొందరపడి బలం ఉపయోగిస్తే పని త్వరగా అయ్యేదేమో గానీ, గెలిచినట్టు ఎవరూ ఒప్పుకునేవారు కాదు.

పిక్‌ల విషయం. మనవాళ్ళు హాక్సా బ్లేడుని అరగదీసి చేసుకుంటారు. పరవాలేదు, కానీ అంచులు కత్తిలా వదిలేయొద్దు. ఎమిరీ పేపరుతో గోటికి గీసుకోనంత నునుపు చేయాలి. పెళుసు బ్లేడు అయితే పుటుక్కున విరుగుతుంది, జాగ్రత్త.

ఇక నూనె. కొబ్బరినూనె పోయడం మన ఇళ్ళలో అలవాటే. ఆ రోజుకి తిరుగుతుంది, తరవాత జిగురై దుమ్ము పట్టేస్తుంది. గ్రాఫైట్ పొడి మంచిదే. కానీ నూనె వేసిన తాళంలో గ్రాఫైట్ వేస్తే నల్లటి ముద్ద అవుతుంది, రెండూ కలపొద్దు. భావనపాడు, భోగాపురం లాంటి ఒడ్డు ఊళ్ళలో అయితే నేను కుట్టుమిషను నూనె ఒక్క చుక్కకే ఓటేస్తాను. తేమని కాస్త ఆపుతుంది.

లీవర్ తాళాలు, అంటే నవ్‌తాల్ లాంటివి, వేరే లెక్క. వాటిలో లీవర్ల వెనక స్ప్రింగులు సన్నగా ఉంటాయి, బలం పెడితే వంగిపోతాయి. బామ్మగారి ట్రంకు పెట్టె తాళం, భోషాణం తాళం మీద దయచేసి ప్రయోగాలు వద్దు. వాటికి విడి భాగాలు ఎక్కడా దొరకవు.

చివరగా ఒక చిన్న ఇబ్బంది. తలుపు తాళాల్లో పిక్‌తో ప్లగ్‌ని సగం చుట్టు తిప్పితే, పై పిన్‌లు చెవి రంధ్రం అడుగులోకి జారి ప్లగ్ ఎటూ తిరగకుండా పట్టేస్తుంది. కంగారుపడి శ్రావణంతో తిప్పకండి. పల్చటి చదును రేకు ఒకటి పొడుగ్గా లోపలికి పెట్టి, ఆ పిన్‌లన్నిటినీ ఒకేసారి పైకి నొక్కి పట్టుకుని, ప్లగ్‌ని మెల్లగా తిప్పండి. వచ్చేస్తుంది.