తక్కువ మెగాపిక్సెళ్ల కెమెరాకు ఎక్కువ ధర ఎందుకు? మొదటిది ఎలా ఎంచుకోవాలి?

"మా నాన్న ఫోనులో కెమెరా 50 మెగాపిక్సెళ్లు. కొట్లో చూసిన డీఎస్ఎల్ఆర్ 24 మెగాపిక్సెళ్లే. ధర మాత్రం ఫోనుకు రెండింతలు. ఎందుకలా? ఇంతకీ మొదటి కెమెరా ఏం చూసి కొనాలి?" ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది.

మంచి ప్రశ్న అమ్మా. పెద్ద అంకె ఉన్నది మేలైనదని ఎవరైనా అనుకుంటారు. పెట్టె మీద కూడా ఆ అంకెనే పెద్దగా వేస్తారు. అందుకే ముందు దాని సంగతి తేల్చుకుందాం, ఎంపిక సంగతి తర్వాత.

డిజిటల్ ఫొటో అంటే అడ్డంగా, నిలువుగా వరుసల్లో పేర్చిన రంగు చుక్కలు. ఒక్కో చుక్క ఒక పిక్సెల్. పది లక్షల చుక్కలైతే ఒక మెగాపిక్సెల్. 24 మెగాపిక్సెళ్ల కెమెరా తీసే ఫొటోలో అడ్డంగా 6,000, నిలువుగా 4,000 చుక్కలుంటాయి. ఇప్పుడు గోడకు తగిలించడానికి 12 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పున్న ఫొటో వేయిస్తున్నామనుకో. అంగుళానికి 300 చుక్కలుంటే అవి కంటికి విడివిడిగా కనబడవు. అంటే 3,600 చుక్కలు ఒక వైపు, 2,400 ఇంకో వైపు. గుణిస్తే 86 లక్షల పైచిలుకు. తొమ్మిది మెగాపిక్సెళ్లు కూడా పూర్తిగా అక్కర్లేదు! మీ నాన్నగారి ఫోను కూడా మామూలుగా ఇచ్చేది 50 మెగాపిక్సెళ్ల ఫొటో కాకపోవచ్చు. అలాంటి ఫోన్లు చాలావరకు నాలుగేసి చుక్కల్ని ఒకటిగా కలిపేసి 12.5 మెగాపిక్సెళ్ల ఫొటోనే ఇస్తాయి. ఉన్న చుక్కల్ని ఎందుకు కలిపేస్తాయి? అసలు సంగతి అక్కడే ఉంది.

లెన్స్ గుండా వచ్చిన వెలుతురు కెమెరా లోపల ఒక చిన్న పలక మీద పడుతుంది. ఆ పలకే సెన్సర్. వెలుతురు సన్నటి కణాలుగా, ఫోటాన్లుగా వచ్చి పడుతుందని నువ్వు ఫిజిక్సులో చదివే ఉంటావు. అవి పంచిపెట్టినట్టు సమంగా పడవు. వాన మొదలైన మొదటి క్షణాల్లో ఇంటిముందు బండలు చూడు. ఒక బండ మీద ఆరు చినుకులు పడితే పక్కదాని మీద రెండే పడతాయి. వాన జోరందుకున్నాక అన్ని బండలూ ఒకేలా తడుస్తాయి. సెన్సర్ మీదున్న పిక్సెళ్లపై వెలుతురు పడే తీరూ ఇంతే. ఒక్కో పిక్సెల్‌కు సగటున 100 ఫోటాన్లు అందే చోట ఆ సంఖ్య దాదాపు 10 అటూ ఇటూ అవుతుంది. అంటే నూటికి పది తేడా. 10,000 ఫోటాన్లు అందే చోట తేడా 100 దాకా ఉంటుంది గానీ, అది నూటికి ఒకటే. రాత్రిపూట తీసిన ఫొటోను పెద్దది చేసి చూస్తే నున్నటి గోడ కూడా రవ్వరవ్వగా కనబడుతుంది కదా, దానికి ముఖ్య కారణం ఈ తేడాయే. ఫొటోగ్రాఫర్లు దాన్ని నాయిస్ అంటారు. ఫోన్లు దాన్ని చెరిపేయబోయి, గోడతోపాటు అమ్మమ్మ ముఖం మీది గీతల్నీ, జుట్టు పోగుల్నీ కూడా నునుపు చేసేస్తాయి.

చుక్కల్ని కలపడం కూడా ఇందుకే: నాలుగింటికి అందిన వెలుతురు ఒకటిగా లెక్కకొస్తే తేడా తగ్గుతుంది. కాబట్టి ఎన్ని చుక్కలున్నాయన్న దానికంటే, మొత్తం మీద ఎంత వెలుతురు పట్టామన్నది ఫొటోకు చాలా ముఖ్యం.

ఇప్పుడు సెన్సర్ కొలతలు చూద్దాం. మామూలు ఫోనులో అది కాస్త పెద్దదే అనుకున్నా 8 మిల్లీమీటర్ల పొడవు, 6 మిల్లీమీటర్ల వెడల్పు. వైశాల్యం 48 చదరపు మిల్లీమీటర్లు. మొదటిసారి కొనేవాళ్లు చూసే డీఎస్ఎల్ఆర్‌లలో ఏపీఎస్-సీ అనే కొలత సెన్సర్ ఉంటుంది. నికాన్‌లో అది దాదాపు 23.5 మిల్లీమీటర్ల పొడవు, 15.6 మిల్లీమీటర్ల వెడల్పు. వైశాల్యం 366. కెనాన్‌లో కొంచెం చిన్నది. నికాన్ లెక్కన ఫోనులో దానికి ఏడున్నర రెట్లు! అంత పలకను లోపం లేకుండా తయారు చేయడానికి ఖర్చవుతుంది. దాన్ని అంచుల దాకా స్పష్టమైన బొమ్మతో నింపడానికి లెన్స్‌లో పెద్ద గాజులు కావాలి. అందుకూ ఖర్చవుతుంది. నువ్వు అడిగిన ధర తేడాకు ముఖ్య కారణాలు ఇవి.

అయితే ఒక చిక్కుంది. ముచ్చటపడి కెమెరా కొనుక్కుని, ఆ సాయంత్రమే ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద తమ్ముణ్ణి ఫొటో తీసి, "ఫోనులోనే బాగా వచ్చిందే!" అని ఉసూరుమనేవాళ్లు చాలామంది. వాళ్లు పొరపడలేదు. కారణం లెన్స్‌లో ఉంది.

కెమెరాతోపాటు ఇచ్చే లెన్స్‌ను కిట్ లెన్స్ అంటారు. దాని ముందు అంచు మీద 18-55 ఎంఎం, 1:3.5-5.6 అని రాసి ఉంటుంది. మొదటి జత అంకెలు లెన్స్ దృశ్యాన్ని ఎంత దగ్గరికి లాగుతుందో చెబుతాయి. రెండో జత, వెలుతురు వచ్చే రంధ్రం ఎంత పెద్దగా తెరుచుకుంటుందో చెబుతుంది. ఆ రంధ్రమే ఎపర్చర్. దాని అంకెను ఎఫ్ 3.5, ఎఫ్ 5.6 అని పలుకుతారు. లెన్స్ ఎంఎం అంకెను ఈ అంకెతో భాగిస్తే రంధ్రం వ్యాసం వస్తుంది. 50 ఎంఎం దగ్గర ఎఫ్ 5.6 అంటే 9 మిల్లీమీటర్లు. అదే ఎఫ్ 1.8 అయితే 28 మిల్లీమీటర్లు. వ్యాసం మూడింతలైతే వైశాల్యం తొమ్మిది పది రెట్లవుతుంది. అంటే అంకె చిన్నదైనకొద్దీ వెలుతురు ఎక్కువ.

ఫోను లెన్స్‌లు చాలావరకు ఎఫ్ 1.8 దగ్గర ఉంటాయి. కిట్ లెన్స్‌ను పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్ 5.6. కాబట్టి సెన్సర్ మీద ఒక్కో చదరపు మిల్లీమీటరుకు ఫోనులో పది రెట్లు ఎక్కువ వెలుతురు పడుతోంది. కెమెరా సెన్సర్ ఏడున్నర రెట్లు పెద్దదైనా, లెన్స్ దగ్గర ఆ లాభమంతా పోయి ఇంకాస్త నష్టం కూడా వచ్చింది. పైగా ఫోను వరసగా కొన్ని ఫొటోలు తీసి ఒకటిగా కలుపుతుంది. పగటిపూట ఆరుబయట ఇదంతా తెలియదు, వెలుతురు అందరికీ సరిపోతుంది. చీకటి పడ్డాకే తెలుస్తుంది. ఈ లెక్క తెలియకపోవడం వల్ల ఎన్నో మంచి కెమెరాలు బీరువాల్లో ఉండిపోయాయి. అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఆ కెమెరాకే ఎఫ్ 1.8 లెన్స్ తగిలిస్తే ఏమవుతుందో చూడు. మసక వెలుతురున్న గదిలో ఐఎస్ఓ 1600 పెట్టి కిట్ లెన్స్‌తో ఎఫ్ 5.6 దగ్గర తీస్తే, సెన్సర్ ముందున్న తెర, అంటే షట్టర్, సెకనులో పదిహేనో వంతు తెరిచి ఉండాలి. (ఐఎస్ఓ అంటే పట్టిన వెలుతురును ఎంత హెచ్చించి చూపాలన్న అంకె. దాన్ని పెంచితే ఫొటో తెల్లబడుతుంది గానీ, కొత్తగా వెలుతురేమీ రాదు.) సెకనులో పదిహేనో వంతు చిన్నదిగా అనిపిస్తుంది. కానీ ఆ కాస్తలోనే తమ్ముడు తల తిప్పుతాడు, ముఖం అలికేసినట్టవుతుంది. ఎఫ్ 1.8 దగ్గర అదే ఫొటోకు సెకనులో నూటయాభయ్యో వంతు చాలు. తల తిప్పుతున్న తమ్ముడి కళ్లు కూడా స్పష్టంగా పడతాయి. రంధ్రం పెద్దదైతే కళ్ల మీద ఫోకస్ పెట్టినప్పుడు వెనక బీరువా, క్యాలెండరు మసకబారతాయి. అది కూడా చాలామందికి ఇష్టం.

అందుకే నేను చెప్పేది ఒకటే. ఉన్న డబ్బంతా బాడీ మీద, అంటే లెన్స్ కాకుండా మిగిలిన కెమెరా మీద, పెట్టేయకు. బాడీ ఒక మెట్టు తక్కువదైనా ఫర్వాలేదు, ఒక మంచి లెన్స్‌కు డబ్బు మిగుల్చుకో.

మరి ఏ లెన్స్? దీనికి జవాబు నీ ఫోనులోనే ఉంది. గ్యాలరీ తెరిచి, నచ్చక తీసేద్దామనుకున్న ఫొటోలు చూడు. ఇంట్లో, పెళ్లి పందిట్లో తీసినవి కదిలిపోయి, రవ్వరవ్వగా ఉన్నాయా? నీకు కావాల్సింది వెలుతురు. దూరంగా ఉన్నవి మరీ చిన్నగా పడ్డాయా? నీకు కావాల్సింది పొడవైన లెన్స్, అంటే ఎంఎం అంకె పెద్దదైనది. అన్నీ పగటిపూట తీసిన ఊరి ఫొటోలేనా, బాగానే ఉన్నాయా? అయితే కిట్ లెన్స్‌తో మొదలుపెట్టినా నష్టం లేదు, ఇంకొన్నాళ్లు ఆగినా నష్టం లేదు.

వెలుతురు కోసమైతే చాలామంది 50 ఎంఎం ఎఫ్ 1.8 కొనమంటారు. కెనాన్, నికాన్ రెంటిలోనూ అది చవకైన లెన్సే. కానీ గది సంగతి చూసుకో. పది అడుగుల దూరంలో నిలబడితే ఏపీఎస్-సీ కెమెరాలో 50 ఎంఎం లెన్స్‌కు అడ్డంగా నాలుగున్నర అడుగుల మేరే కనబడుతుంది. ఇద్దరు పడతారు, మూడో మనిషి భుజం తెగుతుంది. 35 ఎంఎం అయితే ఆరున్నర అడుగులు దాటి కనబడుతుంది. మన ఇళ్లలోని గదులకు అదే అనువు. నికాన్‌లో ఏపీఎస్-సీ కోసమే చేసిన 35 ఎంఎం ఎఫ్ 1.8 ఉంది.

పక్షుల సంగతి వేరు. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో పెలికాన్ పక్షి నూరు అడుగుల దూరంలో చెట్టు మీద కూర్చుందనుకో. కిట్ లెన్స్‌ను 55 ఎంఎం దాకా జూమ్ చేసినా నలభై అడుగులకు పైగా మేర కనబడుతుంది. నాలుగైదు అడుగుల పక్షి అందులో పదో వంతు. 300 ఎంఎం లెన్స్‌తో ఎనిమిది అడుగుల లోపు మేరే కనబడుతుంది, పక్షి సగం ఫొటో నిండుతుంది.

ఇక బాడీ. కొట్లో డీఎస్ఎల్ఆర్ లెన్స్ తీయించి లోపలికి చూడు. వాలుగా ఒక చిన్న అద్దం ఉంటుంది. వేలు పెట్టకు, చూడు చాలు. లెన్స్ గుండా వచ్చిన వెలుతురును ఆ అద్దం పైకి తిప్పుతుంది. పైన ఉన్న పట్టకమో, అద్దాల అమరికో దాన్ని మళ్లీ మన కంటి వైపు తిప్పుతుంది. బటన్ నొక్కగానే అద్దం పైకి లేచి, షట్టర్ తెరుచుకుని, వెలుతురు సెన్సర్ మీద పడుతుంది. టక్ మనే చప్పుడు అదే. మనం చూసేది తెర మీది బొమ్మ కాదు గనక బ్యాటరీ చాలాసేపు వస్తుంది. 2018లో వచ్చిన నికాన్ డీ3500కు ఒక్క చార్జింగ్‌తో 1,550 ఫొటోలని కంపెనీ లెక్క.

సరిగ్గా ఆ 2018లోనే నికాన్, కెనాన్ రెండూ అద్దం లేని పెద్ద సెన్సర్ కెమెరాల వైపు, అంటే మిర్రర్‌లెస్ వైపు మళ్లాయి. అద్దం లేకపోతే బాడీ పలచబడుతుంది. సెన్సర్ ఎప్పుడూ దృశ్యాన్ని చూస్తూనే ఉంటుంది గనక మనిషి కన్ను ఎక్కడుందో వెతికి ఫోకస్ చేయగలదు. కొత్త లెన్స్‌లన్నీ దాదాపు వాటికే వస్తున్నాయి. కాబట్టి కొత్తది కొనే స్తోమత ఉంటే మిర్రర్‌లెస్ కొను. లేకపోతే నీలాంటి విద్యార్థికి సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ చాలా మంచి బేరం. చాలామంది మిర్రర్‌లెస్‌కు మారుతూ పాతవి అమ్మేస్తున్నారు, వాటి సెన్సర్లేమో ఇప్పటికీ దిట్టంగా ఉన్నాయి. లెన్స్ మీద పెట్టిన డబ్బు కూడా వృథా కాదు. రేపు అదే కంపెనీ మిర్రర్‌లెస్‌కు మారితే అడాప్టర్ పెట్టి వాడుకోవచ్చు.

ఒక్క మెలిక గుర్తుంచుకో. నికాన్ డీ3500, డీ5600 లాంటి వాటిలో ఫోకస్ తిప్పే మోటారు బాడీలో ఉండదు, లెన్స్‌లో ఉండాలి. పేరు ఏఎఫ్-ఎస్ అనో ఏఎఫ్-పీ అనో మొదలైతే లెన్స్‌లో మోటారు ఉన్నట్టు. చవగ్గా వస్తోందని పాత 50 ఎంఎం 1.8డీ కొంటే అది బిగుస్తుంది, ఫొటో తీస్తుంది, ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి. కెనాన్‌లో ఈ బెడద లేదు. 1987లో ఈఎఫ్ లెన్స్‌లు మొదలైనప్పటి నుంచీ మోటారు లెన్స్‌లోనే ఉంటోంది.

కొనేముందు కెమెరాను చేత్తో పట్టుకుని చూడాలి. చిటికెన వేలికి చోటుందా, చూపుడు వేలు సులువుగా బటన్ మీదికి వస్తోందా? కళ్లద్దాలుంటే, కన్ను పెట్టే చోట పక్కనున్న బుల్లి చక్రం తిప్పి లోపలి అంకెలు స్పష్టంగా కనబడేలా చేసుకో. అతి చవక మోడళ్లు కొన్నింటిలో ఆ చక్రమే ఉండదు.

హైదరాబాద్ కోఠిలోనో, మీ ఊళ్లో తెలిసినవాళ్ల దగ్గరో సెకండ్ హ్యాండ్‌ది చూస్తే షట్టర్ కౌంట్ అడుగు. అంటే ఇప్పటిదాకా ఎన్నిసార్లు తీశారన్న లెక్క. ఈ తరగతి కెమెరాల షట్టర్‌కు సుమారు లక్ష ఫొటోల ఆయుష్షని ఒక అంచనా. ఇరవై, ముప్ఫై వేలైతే నిశ్చింత. నికాన్ అయితే అప్పుడే తీసిన ఫొటో ఫైలులోనే ఈ లెక్క ఉంటుంది, చదివి చెప్పే వెబ్‌సైట్లున్నాయి. తర్వాత ఎఫ్ 16 పెట్టి తెల్లగోడను ఫొటో తీసి పెద్దది చేసి చూడు. నల్ల మచ్చలుంటే సెన్సర్ మీద దుమ్ము, అది తుడిపిస్తే పోతుంది. పోని జబ్బు లెన్స్‌లో ఉంటుంది. లెన్స్‌ను బాడీ నుంచి తీసి వెనక నుంచి టార్చి వేసి, ముందు నుంచి కాస్త ఏటవాలుగా చూడు. గాజు మీద సాలెగూడు పోగుల్లాంటివి కనబడితే అది ఫంగస్. ఎంత చవకైనా తీసుకోకు. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో వాడినవాటిని మరీ జాగ్రత్తగా చూడాలి. బిల్లు మీది సీరియల్ నంబరు, బాడీ కింది నంబరు ఒకటేనా అన్నది కూడా సరిచూసుకో.

ఇంటికి తెచ్చాక బీరువాలో బట్టల మధ్య పెట్టకు, తేమ అక్కడే పట్టుకుంటుంది. గాలి చొరబడని మూతతో ఒక ప్లాస్టిక్ డబ్బా, అందులో రంగు మారే రకం సిలికా జెల్ గుళికలు వేసి కెమెరా, లెన్స్ అందులో ఉంచు. రంగు మారిందంటే అవి తేమ పీల్చడం అయిపోయినట్టు, కొత్తవి వేసుకోవాలి.