స్టార్టర్ పెట్టెలో చదువు

పర్చూరు, చిలకలూరిపేట వైపు మొబైల్ స్టార్టర్ పెట్టించుకున్న రైతు బోరు మోటారు వేయడానికి అర్ధరాత్రి టార్చిలైటుతో చేలోకి పోనక్కర్లేదు. మంచం మీద నుంచే రింగిస్తే మోటారు ఆడుతుంది. ఆ పెట్టెలో ఉండేవి ఒక సిమ్, మోటారుని వేసి ఆపే స్విచ్చిలాంటి ఒక రిలే, గోరంత చిప్పు. ఇలా ఏదో ఒక పని కోసం వస్తువు లోపలే ఇమిడిపోయిన కంప్యూటర్‌ని ఎంబెడెడ్ సిస్టమ్ అంటారు.

ఇంజనీరింగ్ కాలేజీల్లో ఈ పాఠం చాలాకాలం 8051తోనే మొదలయ్యేది. ఇంటెల్ 1980లో తెచ్చిన ఆ చిప్పులో డేటా దాచుకునే చోటు 128 బైట్లు. ఫోన్లలో వాడే యూటీఎఫ్-8 లెక్కన 'మిరప' అని పదిసార్లు రాస్తే, పదకొండోసారికి జాగా చాలదు. పొదుపు నేర్పడంలో దాన్ని మించింది లేదు గానీ, కొత్తవాళ్లకు రిజిస్టర్ల పేర్లు బట్టీ పట్టడంతోనే తల తిరిగేది. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో డిజైన్ విద్యార్థుల కోసం పుట్టిన ఆర్డుయినో ఆ వరస తిరగేసింది. ముందు దీపం వెలిగించు, ఎందుకు వెలిగిందో తర్వాత చదువు. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబుల పథకంతో ఈ పద్ధతి ఆరో తరగతి పిల్లల దాకా వచ్చింది.

దీపం తర్వాత బటన్. ఒక్కసారి నొక్కితే చిప్పు నాలుగుసార్లని లెక్కపెడుతుంది!

తప్పు ప్రోగ్రాములోనిది కాదు. బటన్ లోపలి రేకు తాకి, ఎగిరి, మళ్లీ తాకుతుంది. కొన్ని మిల్లీసెకన్ల ఆ వణుకు మన కంటికి ఆనదు. సెకనుకు కోటీ అరవై లక్షల టిక్కులు కొట్టే ఆర్డుయినో చిప్పుకు మాత్రం దొరికిపోతుంది. కాసేపాగి మళ్లీ చూడమని రాస్తే లెక్క కుదురుతుంది.

ఇక మట్టి పదును చూసే సెన్సర్. ఆర్డుయినో ఊనోలో అది 0 నుంచి 1023 దాకా ఒక అంకె చూపిస్తుంది. నల్లరేగడి ఎండితే నెర్రెలిస్తుంది కదా, సెన్సర్ పుల్ల పక్కన ఆ సందు పడిందంటే, లోపల పదునున్నా అంకె ఎండిపోయిందనే చెబుతుంది. అందుకే సొంత చేలో మట్టినే ఒక గ్లాసులో ఎండబెట్టి, మరో గ్లాసులో తడిపి, రెండు అంకెలూ రాసుకోవాలి.

ఈ సెన్సర్ అంకెను బట్టి మోటారు నడిపేటప్పుడు, వేయడానికీ ఆపడానికీ ఒకే అంకె పెడితే రిలే టకటకా కొట్టుకుంటుంది. వేయడానికొకటి, ఆపడానికొకటి కావాలి. వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే మిరప తట్టుకోదు కాబట్టి ఆపే అంకెను మరీ తడి వైపు జరపకూడదు. తొలి ప్రయోగానికి త్రీఫేజు మోటారు జోలికి పోకుండా, బక్కెట్లో మునిగే అయిదు వోల్టుల బుల్లి పంపు, కుండీలో ఒక మిరప మొక్క ఉంటే సరిపోతుంది.