తాళపుచెవుల గుత్తి పరుల చేతిలో

హుగ్లీ నదికి పడమట, హౌరా స్టేషను దాటగానే వచ్చే లిలువా రైలుపెట్టెల మరమ్మతుకు పేరుపొందినది. ఈస్టిండియన్ రైల్వే 1900లో నెలకొల్పిన క్యారేజి, వ్యాగను వర్క్‌షాపు నేటికీ అక్కడ పనిచేస్తున్నది. సవ్యంగా నడుస్తున్న పెట్టెను సైతం గడువు రాగానే తెచ్చి, చక్రాలు, బ్రేకులు విప్పి పరీక్షించిన పిమ్మటనే తిరిగి పట్టాలమీదికి పంపుతారు. “ఇన్నాళ్లూ బాగానే నడిచింది కదా!” అన్న వాదం అక్కడ చెల్లదు.

ఆ పరిసరాలలో చిన్న ఇంజనీరింగు కర్మాగారాలు, పోత పనిశాలలు అనేకం. ఇటువంటి సంస్థల జమాఖర్చులూ, జీతాల పట్టికలూ నేడు కంప్యూటర్లలోనే ఉంటాయి. వాటిని చూచుకొనడానికి ప్రత్యేకంగా ఇంజనీరును నియమించుకొనే స్తోమత చిన్న యజమానికి ఉండదు. అందువల్ల నెలకు ఇంతని చెల్లించి, ఆ బాధ్యతను బయటి సంస్థకు అప్పగిస్తాడు. వీటినే ‘మేనేజ్డ్ సర్వీస్ ప్రొవైడర్లు’ అంటారు. ఒక్కొక్కటి పదుల కొద్దీ ఖాతాదారుల యంత్రాలను దూరం నుండే సంబాళిస్తుంది. సౌకర్యం అందులోనే ఉన్నది. ప్రమాదమూ అందులోనే ఉన్నది. ఇంటింటికీ కన్నం వేయడం కంటె, ఊరందరి తాళపుచెవులూ ఉన్న గుత్తిని కాజేయడం దొంగకు సులువు.

ఇది ఊహ కాదు. అమెరికాకు చెందిన కసేయా సంస్థ సాఫ్ట్‌వేరును ఇటువంటి సేవాసంస్థలు వాడుతుండేవి. 2021 జూలై 2న అందులోని లోపం గుండా దుండగులు చొరబడ్డారు. నేరుగా దెబ్బతిన్న సంస్థలు 60కి మించలేదు. కాని వాటిని నమ్ముకున్న వ్యాపారాలు 1,500 వరకు చిక్కుకున్నాయి. స్వీడనులో కోప్ సంస్థకు చెందిన వందలాది దుకాణాలు బిల్లుల యంత్రాలు స్తంభించి మూతపడ్డాయి.

మన దేశమూ ఇందుకు మినహాయింపు కాదు. సహకార బ్యాంకులకు, ప్రాంతీయ గ్రామీణ బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ సంస్థ 2024 జూలైలో ఇటువంటి దాడికి గురైంది. జాతీయ చెల్లింపుల సంస్థ దానితో సంబంధాన్ని తాత్కాలికంగా తెంచివేయగా, సుమారు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు చెల్లింపులు నిలిచిపోయాయి. మరునాటికి సేవలు పునరుద్ధరింపబడ్డాయి.

హైదరాబాదులోని మహేశ్ సహకార బ్యాంకు నుండి 2022 జనవరిలో 12 కోట్ల రూపాయలకు పైగా అపహరణకు గురైంది. ఉద్యోగులకు వచ్చిన మోసపు ఈ-మెయిళ్లే దొంగలకు దారి చూపాయని పోలీసు దర్యాప్తులో వెల్లడైంది. రక్షణ నియమాలు పాటించనందుకు రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుపై 65 లక్షల రూపాయల జరిమానా విధించింది.

చట్టం కూడా కఠినమవుతున్నది. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాల ప్రకారం, నిర్దేశించిన దాడులు దృష్టికి వచ్చిన 6 గంటలలోగా తెలియజేయాలి. యంత్రాల కార్యకలాపాల చిట్టాలు 180 రోజులపాటు భద్రపరచాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, తగిన భద్రత కల్పించనివారికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా నిర్ణయించింది. నియమావళి 2025 నవంబరులో వెలువడింది. ప్రధాన నిబంధనల అమలుకు 18 నెలల గడువు లభించింది. పని బయటివారికి అప్పగించినంత మాత్రాన అసలు యజమాని బాధ్యత తీరిపోదు. కనుకనే అతడు సేవాసంస్థను ఇకపై నిలదీసి అడుగుతాడు.

మరి సేవాసంస్థ చేయవలసినదేమి? మొదట తన ఇల్లు చక్కదిద్దుకోవాలి. ఖాతాదారు ఖాతాదారుకూ వేర్వేరు పాస్‌వర్డు, దానికి తోడు రెండవ ధ్రువీకరణ ఉండాలి. ఉద్యోగికి తన పనికి అవసరమైనంత మేరకే, అవసరమైనంత కాలమే ప్రవేశాధికారం ఇవ్వాలి. అతడు ఉద్యోగం మానిన రోజే దానిని రద్దు చేయాలి. సాఫ్ట్‌వేరు లోపాలకు సవరణలు వెలువడగానే అమర్చాలి. సమాచారపు నకలు ఒకటి నెట్‌వర్కుకు వెలుపల దాచాలి. దాచడంతో సరిపోదు, దాని నుండి సమాచారం నిజంగా తిరిగి వస్తున్నదా అని అప్పుడప్పుడు పరీక్షించాలి. దాడి జరిగితే ఎవరు ఎవరికి చెప్పాలో, ఏ యంత్రాన్ని ముందు వేరుచేయాలో ముందే కాగితంమీద ఉండాలి. 6 గంటల గడువులో ఒప్పంద పత్రాలు వెదుకుతూ కూర్చునే వ్యవధి ఉండదు.

వీటన్నిటికీ ఖర్చవుతుంది. చిక్కంతా ఇక్కడే. తక్కువ ధర చెప్పినవారికే పని ఇచ్చే యజమాని, ఆ తగ్గిన ధరలో ఏ జాగ్రత్త ఎగిరిపోయిందో అడగడు. పోటీకి వెరచి సేవాసంస్థ చెప్పదు. ఈ మౌనం ఇద్దరికీ చేటు. ఏ రక్షణ తమ ధరలో చేరినదో, ఏది చేరలేదో స్పష్టంగా వ్రాసియిచ్చే సంస్థ మొదట కొందరు ఖాతాదారులను పోగొట్టుకొనవచ్చు. కాని తాళపుచెవి అప్పగించేవాడు కొనుక్కొనేది యంత్రసేవ మాత్రమే కాదు, నమ్మకం. దానిని ఒకసారి పోగొట్టుకుంటే మరమ్మతు చేసే వర్క్‌షాపు ఎక్కడా లేదు.