యాక్సిలరేటర్ తొక్కినా బండి వెంటనే ఎందుకు లాగదు?

మొన్న ఆత్మకూర్ నుంచి కొత్తకోట వెళ్తూ, వడ్ల లారీని ఓవర్‌టేక్ చేద్దామని నాలుగో గేర్‌లోనే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాను. బండి ఓ క్షణం ఉలకలేదు, పలకలేదు. అంతలో ఎదురుగా ఆటో. మళ్లీ లారీ వెనక్కే వచ్చేశా.

పాత కార్లలో పెడల్‌ని కేబుల్ నేరుగా థ్రాటిల్‌కి కలిపేది. ఇప్పుడు పెడల్ దగ్గరున్న రెండు సెన్సర్లు ఎంత తొక్కామో ఈసీయూకి చెప్తాయి. రెండెందుకు? ఒకటి తప్పు చెప్తే రెండోదానితో పోల్చి పట్టుకోడానికి. లెక్క కలవకపోతే ఈసీయూ పవర్ తగ్గించేస్తుంది. అన్నీ సరిగ్గా ఉంటే చిన్న మోటార్‌తో థ్రాటిల్ తెరుస్తుంది.

వైర్లో సిగ్నల్‌కి పట్టే టైమ్ మనకు తెలిసేంత ఉండదు. కుదుపు రాకుండా, ఎమిషన్స్ పెరగకుండా సాఫ్ట్‌వేరే కావాలని మన తొక్కుడిని కాస్త మెత్తబరుస్తుంది. అంటే ఇది బగ్ కాదు, ఫీచర్! (మా ఆఫీసులో ఈ మాట అంటే ఎవరూ నమ్మరు.) నాది టర్బో పెట్రోల్ కాబట్టి పైన టర్బో లాగ్ కూడా. ఆటోమేటిక్ అయితే గేర్ దిగే టైమ్ అదనం.

మరి ఆన్‌లైన్‌లో అమ్మే థ్రాటిల్ కంట్రోలర్? మనం సగం తొక్కితే ముప్పావు తొక్కామని ఈసీయూకి చెప్తుంది. ఒక్క హార్స్‌పవర్ కూడా పెరగదు, టర్బో లాగ్ పోదు. పెడల్ పూర్తిగా తొక్కాక అది ఉన్నా లేనట్టే. నేను కొనలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఇంకో లారీ. ముందే మూడో గేర్‌కి దించి, రోడ్డు ఖాళీ చూసుకుని, ఆర్‌పీఎం 2,000 దాటాకే బయటికి తీశా. ఈసారి బండి వెంటనే అందుకుంది.